కడుగుట, తుడుచుట, అద్దుట

శుభ్రం చేయడమనే ఒక్క పనికి మన భాషలో ఎన్ని క్రియలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ముఖం కడుగుతాం. పళ్ళు తోముతాం. ఒళ్ళు రుద్దుకుంటాం. తల తుడుచుకుంటాం. బట్టలు ఉతుకుతాం. ఇల్లు ఊడుస్తాం, అలుకుతాం. బియ్యం కడుగుతాం గాని తోమం. గిన్నెలు తోముతాం గాని ఉతకం. పసిబిడ్డ ఒంటి తడిని మాత్రం గట్టిగా తుడవం, మెత్తని పాత నూలుగుడ్డతో అద్దుతాం. కడుగుటలో నీరు ప్రధానం. తుడుచుటలో గుడ్డ ప్రధానం. తోముటలో, రుద్దుటలో చేతి బలం ప్రధానం. అద్దుటలో స్పర్శ తప్ప బలమే లేదు. ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పిల్లలకు క్రియలు చెప్పినవాణ్ణి. ఈ భేదం ఒక మనిషి నెల సంపాదనను నిలబెట్టగలదని నాకు తెలిసింది మాత్రం ఉద్యోగవిరమణ తరువాత, గత శీతకాలంలో.

మా నివాసం ఉప్పల్ నుంచి నాచారం పారిశ్రామికవాడకు వెళ్ళే దారిలో ఒక పాత అపార్టుమెంటు. కార్లు పదకొండు. వాటిని రోజూ తెల్లవారుజామున శుభ్రపరిచేది మా వాచ్‌మన్ భార్య. పాలమూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. కారుకు నెలకు 400 రూపాయల చొప్పున ఆమెకు 4,400 వస్తాయి. భర్త జీతం ఇంటి ఖర్చుకు, ఈ సొమ్ము కూతురి చదువుకు. ఇంటర్మీడియట్ చదివే ఆ పిల్ల గణవిభజన చెప్పించుకోవడానికి అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటుంది.

మార్గశిరమాసంలో ఒక ఆదివారం అపార్టుమెంటువారి సమావేశం జరిగింది. దసరాకు కొత్త కారు కొన్న ఒక యువకుడు లేచి, తన నల్లకారు మీద ఎండ పడితే బోనెట్టంతా సాలెగూడులా సన్నని గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయని, అది వాచ్‌మన్ భార్య నిర్వాకమేనని, ఆమె డబ్బులోంచి 5,000 రూపాయలు పట్టుకోవాలని పట్టుబట్టాడు. కారును కడగవలసిన మనిషిని నలుగురిలో అతడు కడిగిపారేశాడు. అడిగిన మొత్తం ఆమె నెల సంపాదనకంటె ఎక్కువ. ఆమె తలుపు దగ్గర నిలబడి, "నేనేం గీకలే సార్. మీరిచ్చిన బట్టతోనే తుడిచిన. పదకొండు బండ్లకు ఒక్కటే బకెట్, చీకట్ల పని. నేనేం జెయ్యాలె?" అని ఊరుకున్నది. తీర్పు చెప్పే బాధ్యత నామీద పెట్టారు. తెలుగు పంతులుకు కారు రంగుతో పనేమిటని ఎవరూ అడగలేదు. రిటైరైనవాడికి తీరిక ఉంటుందన్నదే నా అర్హత. వారం రోజులు గడువు కోరాను.

మరునాడు ఐదింటికే శాలువా కప్పుకొని కిందికి దిగాను. గుడి మైకులో పాశురాలు వినిపిస్తున్నాయి. పార్కింగులో చోటు చాలక ఆరుబయట నిలిపిన కార్లమీద మంచు చెమటలా పట్టి ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, కారు పైకప్పు తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడుతుంది. గాలిలోని ఆవిరి దానిమీద నీటిబొట్లై నిలుస్తుంది. శీతకాలంలో నేలను అంటి చల్లని గాలి, దానిమీద మూతలాగా వెచ్చని గాలి ఉండటంవల్ల దుమ్మూ పొగా పైకి పోలేక మన ఎత్తులోనే తిరుగుతుంటాయి. ఉప్పల్ దుమ్ము సంగతి వేరే చెప్పాలా? వరంగల్ రహదారి మీద 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు ఏళ్ళ తరబడి సాగినప్పుడు ఈ ప్రాంతంవారు ఎంత దుమ్ము మింగారో వారికే తెలుసు. రాత్రంతా ఆ దుమ్ము మంచులో తడిసి, తెల్లవారేసరికి కారుకు పలుచని బురదపూతగా అంటుకుంటుంది.

ఆ దుమ్ము ఉత్తి మట్టి కాదు. మన హైదరాబాదు నిలబడిన రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. దాని పొడిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త మోస్ 1812లో కూర్చిన కాఠిన్యపు కొలతలో వజ్రం 10 అయితే క్వార్ట్జ్ 7. మామూలు అద్దం అయిదున్నర దరిదాపు. అంటే అద్దాన్ని సైతం గీయగల రేణువులు. ఇక కారు రంగు చూడండి. ఇనుపరేకు మీద మొదట తుప్పు ఆపే పూత, దానిమీద ప్రైమరు, దానిమీద అసలు రంగు, అన్నిటికీ పైన నిగనిగలాడే పారదర్శకమైన పూత. దీన్ని క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం కూడా లేదు. ఆ పలుచని పొరమీద తడిసిన గ్రానైటు పొడిని ఒకే గుడ్డతో గుండ్రంగా రుద్దితే ఏమవుతుంది? ఉప్పుకాగితంతో అద్దం తుడిచినట్టవుతుంది.

అప్పుడు నేను మరొక పని చేశాను. సెల్‌ఫోను దీపం పట్టుకొని పదకొండు కార్లనూ వరుసగా చూశాను. ఆ సాలెగూడు అన్నిటిమీదా ఉంది! వెండిరంగు, తెల్లరంగు కార్ల మీద కంటికి ఆనలేదు. నల్లకారు మీద మాత్రమే బయటపడింది. సంవత్సరాలుగా జరుగుతున్నదే అది. నల్లరంగు సాక్ష్యం చెప్పింది, అంతే.

ఈలోగా ఆ యువకుడు చలిలో కారు కడిగే పద్ధతులను అంతర్జాలంలో వెదికి తెచ్చాడు. అన్నీ మంచుదేశాల మాటలు. మిన్నెసోటాలో ఉన్న మా అమ్మాయిని అడిగితే అక్కడి సంగతి విడమరచింది. అక్కడ రోడ్లమీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. ఆ ఉప్పునీరు కారు అడుగుభాగాన్ని పట్టి తుప్పు పుట్టిస్తుంది గనుక చలికాలంలోనే మరింత తరచుగా కడగాలి. ఉష్ణోగ్రత సున్నాకు పైన ఉన్న పూట చూసుకోవాలి. కడిగాక తలుపుల రబ్బరును పొడిగా తుడవకపోతే తలుపే గడ్డకట్టి రాదు. మరిగే నీళ్ళు పోస్తే చల్లని అద్దం పగలవచ్చు. "నాన్నగారూ, ఇక్కడ భయపడేది ఉప్పుకీ మంచుకీ. మీకక్కడ ఆ రెండూ లేవుగదా!" అన్నది. నిజమే. డిసెంబరు, జనవరి నెలల్లో మన తెల్లవారుజాములు సాధారణంగా 14, 15 డిగ్రీలు. గట్టి చలి పడితే పదికి దిగువ. ఆ చలి రంగును ఏమీ చేయలేదు. పైపెచ్చు మేలే చేస్తుంది. మే నెలలో బోనెట్టు మీద సబ్బునీరు క్షణాల్లో ఎండి మరకలు కడుతుంది. శీతకాలంలో నిదానంగా ఆరుతుంది గనుక తీరికగా తుడుచుకోవచ్చు.

మరి చలి బాధించేదెవరిని? చన్నీళ్ళలో మునిగిన చేతులను. ఆమె వేళ్ళ కణుపులు పగిలి ఎర్రగా ఉన్నాయి. అంతటి చలిలో గుడ్డను మళ్ళీ మళ్ళీ నీళ్ళలో ముంచి జాడించాలంటే ఏ చేయి ఒప్పుకుంటుంది? ఒకసారి పిండిన గుడ్డతో రెండు కార్లు, మూడు కార్లు గబగబా తుడవడమే జరుగుతుంది. దానికి తోడు ఆరున్నరకల్లా అన్నీ అయిపోవాలన్నది మావాళ్ళ ఆజ్ఞ. ఒక్క బకెట్టే వాడాలన్నది అంతకుముందు వేసవిలో బోరు అడుగంటినప్పుడు పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టిన నియమం.

ఆ నియమం వెనుక న్యాయం లేకపోలేదు. మన కుళాయిలో వచ్చే కృష్ణా, గోదావరి జలాలు ఎంతో దూరంనుంచి ఎత్తిపోసి తెచ్చినవి. 2021 జనవరినుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమైనంత మాత్రాన అవి కార్లకు పోయవలసిన నీళ్ళు కావు. 2024 మార్చిలో బెంగుళూరులో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. బోరునీరే గతి అంటే, అది ఉప్పదనం గల నీరు. కారుమీదనే ఆరనిస్తే సున్నపు చుక్కలు మిగులుతాయి. నీళ్ళు పొదుపు చేయాలి, రంగు కాపాడాలి, చేతులు కాపాడాలి. ఈ మూడూ పొసిగే మార్గం లేదా అని ఆలోచించాను. మార్గం ఆ క్రియల్లోనే ఉంది.

మొదట కడుగుట. గుడ్డ తగలకముందు ఒక మగ్గుతో పైకప్పు నుంచి కిందికి నీరు జారవిడవాలి. రేణువులను తీసుకుపోయేది నీరే, గుడ్డ కాదు. తరువాత తుడుచుట. రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకదానిలో కారు షాంపూ కలిపిన గోరువెచ్చని నీరు, రెండవదానిలో గుడ్డ జాడించుకోవడానికి వట్టి నీరు. మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. చక్రాలూ తలుపుల అడుగుభాగమూ చివర, వేరే గుడ్డతో. గిన్నెలు తోమే సబ్బు వద్దు. రంగుకు రక్షగా పూసిన మైనాన్ని అది లాగేస్తుంది. మెరుపుకోసం కొందరు కలిపే కిరసనాయిలూ వద్దు, రబ్బరు చెడుతుంది. పిట్టరెట్ట ఆమ్లగుణం కలది గనుక రోజుల తరబడి ఉంచకూడదు. గీకకుండా తడిగుడ్డ కాసేపు వేసి ఉంచితే అదే నాని వస్తుంది. చివరగా అద్దుట. పొడిగుడ్డను పరచి నీటిని పీల్చనివ్వాలి. రుద్దుట, తోముట అనే రెండు క్రియలకు ఈ వాక్యంలో చోటు లేదు.

ఇవన్నీ ఎనిమిది గంటలకు, ఎండ పొడ తగిలి మంచు ఆరిన తరువాత. రోజూ అక్కరలేదు, వారానికి రెండుసార్లు చాలు. రోజూ చేసే బురద తుడుపుకంటె వారానికి రెండుసార్లు చేసే నిజమైన కడుగుడుకు మొత్తంమీద ఎక్కువ నీళ్ళు పట్టవని బకెట్లు లెక్కకట్టి చూపించాను.

మరుసటి ఆదివారం నా తీర్పు వినిపించాను. గీతలు పడ్డమాట నిజం. పడింది ఆమె చేతిలోని గుడ్డవల్లనే, అదీ నిజం. కాని ఒక్క బకెట్టునూ, ఒక్క గుడ్డనూ, చీకటినీ ఆమెకిచ్చింది మన సంతకాలు. జరిమానా వేస్తే పుస్తకంలోని సంతకాలన్నిటిమీదా వేయాలి. పనికి తగినట్టు కారుకు 500 ఇవ్వాలి. రెండు బకెట్లు, గుడ్డలు, రబ్బరు తొడుగులు, చలికాలంలో వేడినీళ్ళు అందరి ఖర్చుతో రావాలి. ఎనిమిదికల్లా ఆఫీసులకు పోయేవారి కార్లు శని, ఆదివారాల్లో కడగాలి.

అందరూ చప్పట్లు కొట్టారని రాస్తే బాగుండును. వాదన గంటన్నర సాగింది. ఎనిమిదిమంది 500 కు ఒప్పుకున్నారు, ఇద్దరు 400 దగ్గరే ఆగారు. నల్లకారు యువకుడు 5,000 మాట విరమించుకున్నాడు గాని, తన కారును ఆమె చేతికి మళ్ళీ ఇవ్వలేదు, బయట కడిగిస్తున్నాడు. "మాస్టారూ, మీరు చెప్పింది న్యాయమే. కాని నా గీతలు పోవుగదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పాలిష్ పట్టి గీతలు తీయవచ్చును. కాని తీసిన ప్రతిసారీ ఆ పలుచని పొర ఇంకా పలచబడుతుంది.

ఆమెకిప్పుడు నెలకు 4,800 వస్తున్నాయి. తొడుగులు తొడుక్కుంటే గుడ్డ పట్టు తెలియడం లేదని తీసి పక్కన పెట్టేసింది. వేడినీళ్ళ బకెట్టు మాత్రం బాగుందట. పుష్యమాసం వెళ్ళేసరికి కణుపుల పగుళ్ళు మానాయి.