నీ మగ్గము నాపి వినుము

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో పూర్వవిద్యార్థులలో నొకరు తమ యనుభవము నొకదానిని వ్రాయుట వాడుక. ఈ యేడు ఆ భారము నాపై బడినది. చెప్పుకొనదగిన గొప్ప విజయములు నాకు లేవు. ఒక పొరపాటు మాత్రము కలదు. విద్యార్థులకు అదియే యెక్కువ పనికివచ్చునని తలచి వ్రాయుచున్నాను.

నేను ధర్మవరమున పట్టుచీరెలు నేయువారి యింట బుట్టితిని. మా అమ్మమ్మగారి యూరు పెనుకొండ. చదువుకొన్నది హిందూపురమున. ఈ మూడూళ్లును ఒకే రైలుదారి మీద నున్నవి. ఆ దారియే తుదకు నన్ను బెంగుళూరు చేర్చినది. అచ్చట నొక పరిశోధనాలయమున, మెదడునందలి నాడీకణముల పలుకులను వినుట నాకు పని యయ్యెను.

పలుకు లంటినని నవ్వకుడు. నాడీకణము తన వార్తను విద్యుత్తు రూపమున పంపును. ఆ విద్యుత్తు మెరుపువలె లేచి, సెకండులో ఇంచుమించు వేయవ వంతు కాలమున నణగిపోవును. ఎలుక మెదడునుండి మిల్లీమీటరులో మూడవ వంతు మందము గల పొరను కోసి, లవణములు కలిపిన ద్రవములో నుంచి, ప్రాణవాయువు నందించుచుండినచో, అందలి కణములు కొన్ని గంటలు సజీవముగా నుండును. ఆ పొరలో సన్నని ఎలక్ట్రోడును దింపినప్పుడు మనకు చిక్కు మెరుపు ఎంతటిది? వోల్టును పదిలక్షల వంతులు చేసిన, అట్టి వంతులు ఏబదియో నూరో మాత్రమే.

ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో ఎడ్గార్ ఏడ్రియన్ అను శాస్త్రజ్ఞుడు ఈ విద్య కాద్యులలో నొకడు. అతడు షెరింగ్టనుతో కలిసి 1932లో నోబెల్ బహుమానము నందెను. ఒకనాడు చీకటి గదిలో గోదురుకప్ప కంటినరమునకు తీగలు తగిలించి యుండగా, ధ్వనియంత్రమున మాటిమాటికి చప్పుళ్లు వినవచ్చెను. కారణ మతనికి బోధపడలేదు. తన నడకతో ఆ చప్పుళ్లను పోల్చి చూచిన పిమ్మట గాని, కప్ప కన్ను తన్నే చూచుచున్నదని యతడు గ్రహింపలేదు. ఈ కథను నేను చదివియే యుంటిని. చదువుట వేరు, నేర్చుట వేరు.

ఎలక్ట్రోడున చిక్కునది కణముల పలుకే కాదు. విద్యుద్దీపముల సడి, యంత్రముల సడి, దూరపు కణముల గుసగుసలు, అన్నియు అందు కలిసియుండును. కావున 300 మొదలు 3,000 హెర్ట్జుల వరకు గల భాగమును మాత్రము వడకట్టి, ఆపై నొక హద్దు నిర్ణయించి, దానిని దాటిన దెల్ల కణపు పలుకని యెంతుము. హద్దు క్రిందైన సడియే పలుకగును. మీదైన పలుకే సడియగును. నేను మొత్తము రికార్డు యొక్క సగటు విచలనమును గణించి, దానికి నాలుగు రెట్లు హద్దుగా నుంచితిని. హద్దును దాటి చక్కని పెద్ద మెరుపులు, గడియారము కొట్టినట్లు వరుసగా వచ్చెను. క్రమము తప్పని కణము దొరికినదని పొంగిపోయి, నివేదిక వ్రాసి, ఇంటికి ఉత్తరము కూడ వ్రాసితిని.

మరునాడు నివేదికను సభలో చదువవలెను. ముందటి రాత్రి చివరి పరీక్ష యొకటి మిగిలియుండెను. భయపడినప్పుడు బంతివలె నుబ్బు సముద్రపు చేపలలో టెట్రోడోటాక్సిన్ అను విషము కలదు. అది నాడీకణపు గోడలో సోడియము లోనికి వచ్చు ద్వారములను మూయును. అంతట కణము పలుకజాలదు. ఆ విషమును ద్రవములో కలిపితిని. పది నిమిషములు గడచినవి. నా మెరుపులు మాత్రము మునుపటివలెనే కొట్టుకొనుచుండెను.

విషము పాతదై యుండునని మొదట ననుకొంటిని. కాదు, అట్లనుకొన గోరితిని. గదిలో నే నొక్కడనే యుంటిని. పరీక్ష చేసితినని యెవరికిని తెలియదు. కాగితము చించి వేసిన చాలును.

అప్పుడు మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. నా పదియవ యేట నేను గుంతమగ్గమున కూర్చుండి, "తాతా, నా మగ్గములో ఏదో టకటక మనుచున్నది" అని గోల చేసితిని. వీధియంతయు మగ్గముల మోతయే. ఆయన లేవకయే, "నీ మగ్గము నాపి వినరా నాయనా. అప్పటికిని చప్పుడు వినబడిన అది నీది కాదు" అనెను. ఆపితిని, టకటక వినబడుచునే యుండెను. అది పొరుగింటి మగ్గము.

విషము కణముల మగ్గము నాపినది. చప్పుడు నిలువలేదు. అనగా నది కణముది కాదు. గదిలోని యంత్రముల నొక్కొక్కటిగా నాపుచు వచ్చితిని. ద్రవమును త్రిప్పు చిన్న పంపు నాపగానే నా యపురూప కణము నశించెను.

తెల్లవారగానే మా ఆచార్యురాలి కంతయు విన్నవించితిని. ఆమె కోపింపక, "అబద్ధము దొరికినది గదా, ఇక నిజమును వెదకుము" అని సెలవిచ్చిరి. ఒక మార్గమును చూపిరి. తొమ్మండుగురు నేతగాండ్రును ఒక పట్టువర్తకుడును గల వీధిలో సగటు ఆదాయము గణించిన, వర్తకుని సొమ్ము వలన అందరును ధనికులుగా కనబడుదురు. ఆదాయములను వరుసగా నుంచి నడిమివానిని చూచిన నిజము తెలియును. అట్లే పంపు మెరుపులు నా సగటును పెంచి, హద్దును మీదికి నెట్టినవి. 2004లో క్విరోగా మొదలగువారు ప్రకటించిన పద్ధతి ప్రకారము, రికార్డునందలి పరిమాణములను, ధనఋణ చిహ్నములు విడిచి, వరుసగా నుంచి, నడిమిదానిని 0.6745 చేత భాగించి, దానికి నాలుగు రెట్లు హద్దుగా నుంచితిని. హద్దు దిగెను. పంపు మెరుపులను వేరు చేసి చూడగా, సడిలో పడిపోయినవని నేను విడిచిన చిన్న మెరుపులు బయటపడెను. అవి వరుస తప్పి వచ్చినవి. కాని, ఒకసారి పలికిన కణము వెంటనే మరల పలుకలేదను నియమము ననుసరించి, వాటిలో ఏ రెండును సెకండులో వేయవ వంతుకంటె దగ్గరగా లేవు. విషము కలిపిన పిమ్మటి రికార్డులో అవి యొక్కటియు లేవు. నేను కణమని తలచినది యంత్రము. సడి యని పారవేసినది కణము.

ఆనాటి సభలో మూడు పుటలు తీసివేసి, మిగిలిన కొద్దియే చదివితిని. ఇంటికి రెండవ యుత్తరము వ్రాయుట మాత్రము కష్టమయ్యెను.

ఇది ప్రయోగశాలలోని ముచ్చట మాత్రమే కాదు. పార్కిన్సన్ వ్యాధిచే చేతులు వణకువారికి మెదడులో విద్యుత్తు నిచ్చు చికిత్స కలదు. ఎలక్ట్రోడు సరియైన తావును చేరినదో లేదో తెలియుటకు, అనేక చోట్ల వైద్యులు కణముల చప్పుళ్లను విందురు. అచ్చట సడిని పలుకని నమ్మిన, నష్టపడునది రోగి.

తాతగారు గతించి చాలకాలమైనది. ఎలక్ట్రోడన నేమో ఆయన యెరుగరు. నే డెవరైన నా పనిని మెచ్చుకొనినప్పుడెల్ల, ముందుగా నా మగ్గము నాపి వినుచున్నాను.