మాటలు లేని పాట

ఇళయరాజా పాట వినని ఇల్లు మా ఝరాసంగంలో ఉండదు. సాగర సంగమం, రుద్రవీణ అను తెలుగు సినిమాలకు ఆయనకు జాతీయ పురస్కారాలు వచ్చినవి. అయితే సినిమాకు కాక, కూర్చుండి వినుటకే ఆయన వ్రాసిన సంగీతము మనలో కొద్దిమందికే తెలుసు.

1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' క్యాసెట్టును ఆయన ఇద్దరికి అంకితమిచ్చారు. ఒకరు మన త్యాగయ్య. మరొకరు జర్మనీ దేశపు బాక్. లైప్జిగ్ పట్టణపు దేవాలయములలో ఆరాధన సంగీతము నడిపించి 1750లో మరణించినవాడు. దీనిని క్వయరు పిల్లలకు వినిపించగా, "పాట ఎప్పుడు మొదలవుతుంది అయ్యగారూ?" అని అడిగారు. మాట లేనిది పాట కాదని వారి లెక్క! వయొలిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనుట గమనించమన్నాము. కాసేపటికి మరల వేయమన్నారు.

2025 మార్చి 8న లండనులో ఆయన సింఫనీ 'వేలియంట్'ను తొలిసారి వాయించారు. అప్పటికి ఆయనకు 81 ఏండ్లు. నాలుగు భాగములు. సినిమాలో దృశ్యము ఆగినచోట సంగీతము ఆగవలెను. ఇక్కడ తెర లేదు, కథ లేదు, స్వరమే దారి చూపవలెను. వాయించువారి ఎదుట కాగితముపై ఎవరి స్వరాలు వారికుండును. పణ్ణైపురం అను తమిళ పల్లెలో పుట్టి, అన్నగారి బృందముతో ఊరూరు తిరిగి పాడిన ఆయన, పాశ్చాత్య సంగీతమును మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారు వద్ద నేర్చుకొన్నారు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటల పైన రాగము, తాళము అచ్చువేసి ఉన్నవి. మా సంఘములో అవి తెలిసినవారు లేరు. డోలకు అబ్బాయిదీ చెవి విద్యే. జహీరాబాదులో నేర్పేవారుంటే ఇద్దరు పిల్లలను పంపుదామని పెద్దలతో అన్నాము.

"చెరకు కోతలయ్యాక చూద్దాం అయ్యగారూ" అన్నారు.