ద్రాక్షతోటల ఊరు తాకెస్తాన్

ఇరాన్ దేశంలో కజ్వీన్ నగరానికి నైరుతి దిశగా, జంజాన్, హమదాన్ మార్గాలు చీలే చోట తాకెస్తాన్ అనే చిన్న పట్టణమున్నది. పారశీకంలో 'తాక్' అనగా ద్రాక్షతీగ. ఊరి పేరుకు ద్రాక్షతోట అనియే అర్థం. పూర్వనామం సియాదహన్.

మేము వెళ్ళేసరికి పండ్లు ఎండబెట్టే కాలం. గుత్తులను క్షారజలంలో ముంచి ఎండలో పరుస్తారు. తొక్కపై మైనపుపొర చెదరి, లోపలి తేమ త్వరగా ఆవిరవుతుంది. ఇంజనీరులమైన మాకు ఈ పెరటి విజ్ఞానం ముచ్చట గొలిపింది. మన పాయసంలోని కిస్‌మిస్‌కు ఆ పేరు పారశీకం నుండి వచ్చినదే.

అయితే ఇక్కడివారి ఇంటిభాష తాతీ. పారశీకం ఎన్నడో విడిచిన స్త్రీ పుంలింగ భేదాన్ని ఇది నిలుపుకున్నది. 1969లో వెలువడిన ఎహ్సాన్ యార్షాతర్ దక్షిణ తాతీ వ్యాకరణంలో ఈ విశేషాలు నమోదైనాయి. కాని బడిలోను, కార్యాలయంలోను పారశీకమే చెల్లుతుంది. గ్రంథం భాషను భద్రపరచగలదు. బ్రతికించవలసినది మాత్రం పిల్లలే.

ఉద్యోగరీత్యా పరరాష్ట్రాల టౌన్‌షిప్‌లలో పిల్లలను పెంచుతున్న మనకు ఆ ఊరి చింత కొత్తది కాదు. తిరుగు ప్రయాణంలో మేము ఎక్కువగా మాట్లాడుకున్నది దీని గురించే.