పదకొండో పాట

పొద్దున ఆరింటికి మా ఇంట్లో డిస్కో పాట మోగితే పక్కింటివాళ్లు ముందు నమ్మలేదు. యాభయ్యారేళ్ల బ్యాంకు ఆఫీసరు, పైగా ఇంటావిడ పోయి ఏడాదైనా తిరగనివాడు. "సారుకేమైంది?" అనుకున్నారని పాలబ్బాయి చెప్పాడు. ఏమైందో రాయడానికే కూర్చున్నాను.

పొల్లాచ్చిలో మా వంటి ఇళ్లల్లో తెలుగు గడప లోపలి భాష. గడప దాటితే తమిళమే. నాతో తెలుగు మాట్లాడడానికి ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే. ఆమె పోయాక ఒకనాడు కుక్కరు మూత తీస్తూ "అబ్బా, కాలింది" అన్నాను. ఆ రోజంతటికీ నా నోట వచ్చిన తెలుగు అంతే. అది రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ఇక నిద్ర పట్టలేదు.

కోయంబత్తూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆదివారం వచ్చి నా వాలకం చూసింది. "నాయనా, నీకు హుషారిచ్చే పాటలు పది చెప్పు. ఫోనులో వరసగా పెట్టిస్తా" అంది. కామర్సు చదివినవాణ్ణి కదా, కాగితం తీసి వరస నంబరు, సినిమా, సంవత్సరం అని గళ్లు గీశాను. దేవదాసు, 1953. మూగమనసులు, 1964. శంకరాభరణం, 1980. అమ్మాయి చదివి కాగితం నా చేతికే ఇచ్చింది. "ఇవి వింటే ఉండే ప్రాణమూ పోతుంది నాయనా. నలుగురికి చూపించే లిస్టు రాసినావు. నీ లిస్టు రాయి."

నిజమే. అది ఆడిటరు వస్తాడని సిద్ధం చేసిన పుస్తకంలా ఉంది.

నేను ఇక్కడి మహాలింగం కాలేజీలో బి.కాం. చదివేటప్పుడు, వాల్పారై టీ తోటల నుంచి వచ్చే సహాధ్యాయి ఒకడు ఇంగ్లీషు పాటల కేసెట్టు తెచ్చాడు. అట్ట మీద మగవాళ్లు కళ్ల కింద తళుకులు అద్దుకుని, ఎత్తు మడమల బూట్లతో నిలబడి ఉన్నారు. దాన్ని గ్లామ్ రాక్ అంటారని ఇప్పుడు అమ్మాయి చెబితే తెలిసింది. 1971లో టి.రెక్స్ బృందం మార్క్ బోలన్ చెంపలకు తళుకు పూసుకుని టెలివిజన్లో పాడాడట. మరుసటి ఏడు డేవిడ్ బౌయీ జిగ్గీ స్టార్‌డస్ట్ అని వేరే మనిషిగానే వేషం కట్టాడట. మాకు అవేవీ తెలియవు. మాటలూ అర్థం కాలేదు. కాలు మాత్రం నిలవలేదు.

ఆ తళుకు మనకూ ఉండేది. చక్రవర్తి సంగీతం కట్టిన యమగోల (1977), పసివాడి ప్రాణం (1987) పాటలు వింటే అదే పని జరిగేది. తెలుగు కేసెట్లు మా ఊళ్లో దొరకవు. తిరుపతి కొండకు పోయినప్పుడల్లా కొనుక్కొచ్చి, వాటిలోంచి ఏరి, రికార్డింగ్ షాపులో ఒకే కేసెట్టుకు ఎక్కించేవాణ్ణి. అరవై నిమిషాల టేపు, పక్కకు ముప్ఫై. ఎంత కూడినా ఏడో పాట సగంలో తెగేది. ఇప్పుడు ఫోనులో ఆ పాట పూర్తిగా వస్తున్నా, అక్కడికి రాగానే నా చెయ్యి కేసెట్టు తిప్పడానికి లేస్తుంది.

అప్పటికి నాకు తెలుగు రాయడం రాదు. ప్రమోషన్ మీద నెల్లూరు జిల్లాలో ఉన్న మూడేళ్లలో బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను. అంతకు ముందు కేసెట్ల మీద పేర్లన్నీ తమిళ అక్షరాల్లోనే. క, గ రెంటికీ అక్కడ ఒకటే అక్షరం. గీతాంజలి 'కీతాంజలి' అయింది. మా పక్క కొబ్బరాకు తడికను కీత్తు అంటారు. పెళ్లైన కొత్తలో ఆమె అది చదివి, "ఇదేమి, కొబ్బరి కీత్తుకు అంజలా?" అని పడీపడీ నవ్వింది. మా మధ్య మొహమాటం పోయింది ఆ కేసెట్టు వల్లనే.

రెండో లిస్టు పావుగంటలో అయిపోయింది. పదీ గంతులు వేయించేవే. ఘంటసాల అభిమానులు నన్ను మన్నించాలి.

పదకొండోది ఒకటి మిగిలింది. కొబ్బరి కోరుతూ ఆమె ఎప్పుడూ కూనిరాగం తీసే పాట. ఏ సినిమాదో నాకు తెలియదు. "రాగం తియ్యి, ఫోనే కనుక్కుంటుంది" అంది అమ్మాయి. సిగ్గుపడుతూ తీశాను. రెండుసార్లు ఏవో హిందీ పాటలు చూపింది. మూడోసారి ఇళయరాజా తమిళ పాట ఒకటి వచ్చింది. బాణీ అదే, మాటలు అవి కావు. ఆమె పాడింది తెలుగు. ఇరవయ్యెనిమిదేళ్లు విన్నాను, అవి ఎవరి మాటలని ఒక్కనాడూ అడగలేదు. ఎంత తలచుకున్నా రెండే గుర్తొచ్చాయి, ఉల్లిపాయలూ చింతపండూ. బజారు నుంచి తేవలసిన సరుకులను ఆ బాణీకి కట్టి పాడుకునేదన్నమాట! అమ్మాయి నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక ఏడ్చేసింది.

ఆ తమిళ పాటనే పదకొండోదిగా పెట్టించాను. అది వచ్చే వేళకు పాలబ్బాయి గేటు తీస్తాడు. అతనికి ఆ పాట తెలుసు, అందుకుంటాడు. నేను గిన్నె పట్టుకుని ఉల్లిపాయలూ, చింతపండూ అంటుంటాను.