ఈ రాత్రికి బెడ్ ఉందా?

కాన్పయి రెండు వారాలైనా నిండని అమ్మాయిని ఒక సాయంత్రం మా జిల్లా ఆసుపత్రికి తీసుకొచ్చారు. మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. ఒళ్లో ఉన్నది తన బిడ్డ కాదని, ఎవరో మార్చేశారని వాదిస్తోంది. బాలింతల్లో వచ్చే సైకోసిస్ ఇది. వెంటనే వైద్యం అందితే చాలామంది చక్కగా కోలుకుంటారు. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. అడ్మిషన్ తప్పదు.

ఫోన్లు మొదలుపెట్టాం. ఒకచోట ఖాళీలున్నాయి, అన్నీ మగవాళ్ల వార్డులో. ఇంకోచోట ఆడవాళ్ల వార్డులో బెడ్ ఉంది, పసిబిడ్డను ఉండనివ్వరు. మరోచోట ఫోనే ఎత్తలేదు. "సార్, అమ్మాయిని ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" అని తండ్రి అడుగుతున్నాడు. ఆ రాత్రి మా ప్రసూతి వార్డులోనే మందులిచ్చి, సిస్టర్లను కాపలా పెట్టి గట్టెక్కించాం. మర్నాడు తల్లీబిడ్డలకు కలిపి చోటు దొరికింది. ఆ అమ్మాయి కోలుకుంది.

మరో కేసు. తాగుడు ఒక్కసారిగా మానేసిన మూడో రోజు ఒకాయనకు ఒళ్లంతా వణుకు, జ్వరం, గోడల మీద లేని పురుగులు కనిపించడం. ఖాళీ ఉందన్నారని మానసిక ఆసుపత్రికి తీసుకెళితే, ఐసీయూ లేదని తిప్పి పంపారు. వాళ్లన్నది నిజమే. ఆయనకు కావలసింది ఐసీయూ బెడ్, పక్కన మానసిక వైద్యుడు. ఆ సంగతి బయలుదేరే ముందే తెలిసుంటే దారిలో పోయిన గంటలు వైద్యానికి దక్కేవి.

ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల, తెలంగాణలో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల. కేసు ముదిరితే అందరి చూపూ వీటి వైపే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. ఆందోళనలో ఉన్న మనిషిని అంత దూరం తీసుకెళ్లాక "ఖాళీ లేదు" అనిపించుకోవడం ఆ కుటుంబాన్ని కుంగదీస్తుంది. కొందరు మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు.

కోవిడ్ కాలంలో ఏ ఆసుపత్రిలో ఎన్ని ఆక్సిజన్ బెడ్లు, ఎన్ని ఐసీయూ బెడ్లు ఖాళీగా ఉన్నాయో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆన్‌లైన్‌లో చూపించాయి. మానసిక వైద్యానికీ అలాంటి ఖాళీ బెడ్ల పట్టిక కావాలి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక రోగులతో సమానంగా మానసిక రోగులనూ చూడాలంటుంది, అంబులెన్స్ సేవలతో సహా. అత్యవసరమైతే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువులోగా రోగిని సరైన చోటికి చేర్చాలంటే ఆ చోటు ఎక్కడుందో మాకు తెలియాలి.

అందుకు ఒట్టి అంకె చాలదు. ఆడవాళ్లకా, మగవాళ్లకా? పిల్లలకుందా? బిడ్డతో తల్లిని తీసుకుంటారా? తోడు మనిషి తప్పనిసరా? ఐసీయూ అందుబాటులో ఉందా? వివరాలు ఏ గంటకు మార్చారు, డ్యూటీ డాక్టరు నంబరు ఏది? ఇవన్నీ కనిపించాలి. ఒప్పుకున్న బెడ్‌ను రోగి చేరేదాకా అట్టిపెట్టాలి. 108 సిబ్బందికి, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416లో ఫోనెత్తే కౌన్సెలర్లకు కూడా ఈ పట్టిక అందుబాటులో ఉండాలి.

ఇంకో నిజం కూడా ఆ పట్టికలో చేరాలి. జబ్బు నయమైనా, తీసుకెళ్లేవాళ్లు లేక వార్డులోనే ఉండిపోయినవాళ్లను చూశాను. "మా అన్న వస్తానన్నాడు సార్" అని ఒకామె ప్రతి రౌండ్స్‌లోనూ చెప్పేది. కుటుంబం ఆదరించలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదని ఇదే చట్టంలోని 19వ సెక్షన్ అంటోంది. అందుకే పునరావాస గృహాల్లో ఖాళీలనూ బెడ్ల పక్కనే చూపించాలి. బాగుపడిన మనిషికి బయట చోటు దొరికితేనే జబ్బుపడిన మనిషికి లోపల చోటు దొరుకుతుంది. ఈ రెండు లెక్కలూ రోజూ ఒకరే చూడాలి, వాటికి జిల్లా స్థాయిలో ఒక అధికారి జవాబుదారీ కావాలి.