ఎండ పడితేనే బొమ్మ!

క్రిస్మస్ నాడు తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మెదక్ చర్చి కిటకిటలాడిపోతుంది. తొలి ఆరాధన ఆ వేళకే మొదలు మరి. లోపల దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. కానీ ప్రార్థనా పీఠం వెనకున్న పెద్ద కిటికీ కేసి చూస్తే నల్లటి గాజు తప్ప ఏమీ కనిపించదు. పాటలవుతాయి, ప్రసంగమవుతుంది. బయట తెల్లవారుతుంది. అప్పుడు మొదలవుతుంది కిటికీ పని! ఒక్కో రంగూ మేలుకుని, చూస్తుండగానే పరలోకానికి ఆరోహణమవుతున్న క్రీస్తు రూపం తేలుతుంది.

మాయేమీ లేదందులో. గోడమీద బొమ్మకు మన వైపు నుంచి వెలుగు పడితే చాలు. గాజు బొమ్మకు అవతలి నుంచి రావాలి. కరిగిన గాజులో కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే కెంపు రంగు. ఆ ముక్కల్ని కోసి, కళ్లూ ముక్కూ గీతలు దిద్ది కొలిమిలో కాల్చి, ఆ తర్వాత సీసపు పట్టీలతో అతుకుతారు. మిగతాదంతా సూర్యుడి చేతిలోనే. మధ్యయుగాల ఐరోపాలో మతపండితులు దీనికో అర్థం చెప్పారు... గాజు పగలకుండానే వెలుగు అందులోంచి దూరివస్తుంది, కన్య మరియ కడుపున క్రీస్తు పుట్టడమూ అలాంటిదేనని. అంటే బొమ్మే కాదు, గాజు కూడా కథ చెబుతుందన్నమాట.

మెదక్‌లో ఇలాంటి కిటికీలు మూడు. పీఠం వెనక ఆరోహణం, శిలువ ఆకారంలో ఉన్న కట్టడపు రెండు రెక్కల్లో ఒకవైపు క్రీస్తు జననం, మరోవైపు శిలువ మరణం. రూపకర్త లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ శాలిస్‌బరీ. రాజులకూ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కూ బొమ్మలు గీసిన ఈయన పని నేర్చుకుంది మాత్రం అన్నగారి గాజు కిటికీల కార్ఖానాలో!

ఈ చర్చిని కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. కరవు రోజులు. ఊరికే గంజి పోసేకన్నా పని చూపించి కూడు పెడదామని 1914లో మొదలుపెట్టాడంటారు. పదేళ్లు పట్టింది. నూరడుగుల వెడల్పు, రెండొందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. 1947 నుంచి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) కిందుంది.

అప్పట్లో నిజాం రాజ్యంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. రాళ్లు మోసిన కూలీలకు పుస్తకమంటే ఆ కిటికీలే కావాలి. కానీ చర్చి తలుపులు తెరిచేనాటికి అవింకా రానేలేదు. ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో వచ్చాయి. కథలో ఆఖరి ఘట్టం ముందొచ్చి, నడిమి ఘట్టం అన్నిటికన్నా వెనకబడిందన్నమాట. ఆకలితో రాళ్లెత్తినవాళ్లకు మూడింట్లో బాగా దగ్గరైన కథ శిలువదే కదా! అదే 34 ఏళ్లు ఆలస్యమైంది. అంతకాలం బతికుండి దాన్ని కళ్లారా చూసుకున్న కూలీలు ఎందరో!

2024 క్రిస్మస్‌కి చర్చికి నూరేళ్లు నిండాయి. హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. సంగం, ఆత్మకూరు వైపు వాళ్లయితే నెల్లూరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్, అక్కణ్నుంచి బస్సు. జనం తోపులాట లేకుండా చూడాలంటే పండగ నాడు కాకుండా మామూలు రోజున వెళ్లడమే మేలు. ఎప్పుడెళ్లినా పొద్దు గూకకముందే లోపలుండాలి. చీకటి పడ్డాక ఎన్ని దీపాలు పెట్టినా ఆ మూడు కిటికీలూ ఒక్కటే నలుపు.