ప్రాణహిత దాచిన సాక్ష్యములు

కాళేశ్వరమునొద్ద ప్రాణహితానది గోదావరిలో సంగమించును. పుష్కరములనాడు అచ్చట మునుగువారికి లెక్కలేదు. కాని ఆ నదిని ఆనుకొనియున్న బంకమట్టి పొరలను, సున్నపురాళ్ళను నిలిచి చూచువారు అరుదు. ఆ రాళ్ళపై శాసనములు లేవు; రాజుల బిరుదములు లేవు. మానవుడు పుట్టుటకు ఎన్నో కోట్ల యేండ్ల పూర్వపు చరిత్ర మాత్రము వానిలో నిక్షిప్తమై యున్నది. ప్రాణహిత తీరమందలి కోట యను చిన్న గ్రామమునుబట్టి శాస్త్రజ్ఞులు వానికి కోటశిలలని పేరిడిరి.

ఆ శిలలు ఏర్పడి సుమారు 18 కోట్ల సంవత్సరములైనది. అది మధ్యజీవ మహాయుగము. 25 కోట్ల 20 లక్షల యేండ్ల క్రిందట మొదలై, 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట ముగిసిన ఆ మహాయుగమునకు ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్ అని మూడు భాగములు కలవు. కోటశిలలు జురాసిక్ కాలమునాటివి. అప్పటికి హిమాలయములు లేవు. భారతభూమి ఆసియాలో భాగము కాదు. ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలతో కలిసి ఒకే మహాఖండముగా ఉండెను. గోండుల దేశమునుబట్టి ఆ ఖండమునకు గోండ్వానా యను పేరు వచ్చినది.

1961 ప్రాంతమున కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు ఈ శిలలలో ఒక బ్రహ్మాండమైన రాక్షసబల్లి యెముకలను వెలికితీసిరి. దాని తొడయెముక ఒక్కటియే మనుష్యుని నిలువెత్తును పోలియుండెను! ఆ జంతువు నిడివి సుమారు 14 మీటర్లు. ఆ యేడు రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి వత్సరము. అందుచే వంగభాషలో ‘పెద్దకాలు’ అను అర్థము వచ్చునట్లు, ఆ మహాకవి పేరును చేర్చి, 1975లో దానికి ‘బారపాసారస్ టాగోరై’ అని నామకరణము చేసిరి. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి యొద్ద మఱియొక రాక్షసబల్లి దొరకినది. 1988లో యాదగిరి యను భూగర్భశాస్త్రజ్ఞుడు దానికి ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరిడెను. ఒక కుగ్రామము పేరు ఈ విధముగా ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కినది. ఆ కంకాళము హైదరాబాదునందలి బిర్లా ప్రదర్శనశాలలో నిలుపబడినది.

ఈ కోటశిలలలోనే మఱియొక సాక్ష్యము కూడ లభించినది. అది నువ్వుగింజవంటి ఒక చిన్నపన్ను. భూతద్దము లేక దానిని పరిశీలించుట కష్టము. అది చుంచెలుకవంటి అల్పమైన క్షీరదముది. 1981లో దానికి ‘కోటాథీరియమ్’ అని పేరు పెట్టిరి. మహాకాయుల పాదముల నీడలో, పురుగులను తిని బ్రతికిన ఆ చిఱుప్రాణిని ఆనాడు చూచిన వారెవరైన నుండినచో, భూమి యొకనాడు దాని జాతివారికి దక్కునని తలచియుందురా?

కాని అట్లే జరిగినది. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఒక గ్రహశకలము నేటి మెక్సికో తీరమును తాకి, దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పుగల గోతిని చేసెను. ఎగసిన ధూళి సూర్యకాంతిని కప్పివేసెను. ఇంచుమించుగా ఆ కాలముననే దక్కనులో భూమి బీటలువాఱి, లావా వెల్లువలై పాఱెను. అది గట్టిపడినదే పడమటి దక్కనునందలి నల్లరాయి. గోదావరి దిగువున రాజమహేంద్రవరమునొద్ద కాతేరు, పంగిడి ప్రాంతములందును ఆ రాయి కలదు. అచ్చట రెండు లావాపొరల నడుమ సముద్రపు గవ్వలు కనబడుచున్నవి.

వెలుతురు తగ్గగా మొక్కలు నశించెను. గంపలకొలది మేత కావలసిన భారీ జంతువులు నిలువలేకపోయెను. ఏ దేహబలము రాక్షసబల్లులను అన్నికోట్ల యేండ్లు కాపాడెనో, ఆ బలమే వానికి భారమైనది. బొరియలలో దాగి, గింజలను పురుగులను ఏరుకొని తిన్న చిన్న క్షీరదములలో కొన్ని బ్రతికిపోయెను. రాక్షసబల్లుల వంశములో పక్షులు మాత్రమే మిగిలెను. పెరటిలోని కోడి ఆ కులపుదే!

పిమ్మట నవ్యజీవ మహాయుగము ఆరంభమైనది. అది నేటికిని సాగుచున్నది. క్షీరదములు గుఱ్ఱములై నేలను, గబ్బిలములై ఆకాశమును, తిమింగలములై సముద్రమును ఆక్రమించెను. ఉత్తరముగా పయనించిన భారతభూమి సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాను ఢీకొనగా హిమాలయములు లేచెను. మానవుడు వచ్చినది మిక్కిలి ఆలస్యముగా, సుమారు 3 లక్షల యేండ్ల క్రిందట మాత్రమే.

ఈ కథయంతయు రాళ్ళు చెప్పినదే. రాతిగ్రంథమునకు రెండవ ప్రతి లేదు. రోడ్లకు కంకర కావలసినదే. ఇండ్లకు రాయి కావలసినదే. కాని తవ్వకములో బయటపడిన యొక గవ్వనో, యెముకనో చూడక పిండిచేసినచో ఆ పుట శాశ్వతముగా పోవును. ఎముక పెద్దది గనుక ఎవరి కంటనైనను పడవచ్చును. నువ్వుగింజవంటి పన్ను పడదు. నిలిచి, వంగి, ఓపికతో చూచువారికే అది దొరకును. భూమి యెవరికి దక్కినదో చెప్పిన సాక్ష్యము ఆ చిన్నపన్నే కదా!